ఇరవై ఐదు చేతులు

"ఫోను కాస్త పైకెత్తు పిన్నీ. నీ ముక్కు రంధ్రాలు తప్ప నాకింకేం కనపడటం లేదు."

పొద్దున ఎనిమిదింటి నుంచీ ఇదే వరస. పదిన్నరయింది, గొంతు తడారిపోయింది, గుక్కెడు టీ తప్ప కడుపులో ఏమీ పడలేదు. చొక్కాల ఫ్యాక్టరీ ఆఫీసులో, అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, ఎవరి ఇళ్ళల్లో వాళ్ళున్న ఆడవాళ్ళకి ఫోను ఎలా పెట్టుకోవాలో నేర్పుతోంది ఆమె. బొత్తాల విభాగంలో ఉన్న ఇరవై ఆరుగురికీ ఆమె కంప్యూటరమ్మాయి. అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు.

మిషన్ల మరమ్మతని చెప్పి ఫ్యాక్టరీకి తాళం వేసి పది రోజులైంది. పదకొండింటికి మేనేజరు అందరితోనూ వీడియోలో మాట్లాడతాడట. ఇంకేముంటుంది, తాళం తీసే రోజు చెబుతాడనుకున్నారు అందరూ. ఆమె కూడా అనుకుంది. అనుకుని ఊరుకుందా, అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పింది.

రెండేళ్ళ క్రితం కంపెనీ ఆమెని మూడు రోజులు కూర్చోబెట్టి వీడియో మీటింగు నడపడం నేర్పించి, చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టింది. వెలుగు మొహం మీద పడాలి. ఫోను కళ్ళకి ఎదురుగా ఉండాలి. ఏం మాట్లాడతారో ముందే అందరికీ రాసి పంపాలి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళ మైకులు ఆపాలి. ఆ పుస్తకం ఆమెకి కంఠతా వచ్చు. మేనేజరుకి మీటింగులో మాట్లాడటం వచ్చు గానీ మీటింగు నడపడం రాదు. ఒకసారి తనే నడపబోయి, తన మైకే ఆపుకుని అరగంట ఉపన్యాసం దంచాడు. అప్పట్నుంచీ మీటలన్నీ ఈమెకే అప్పగించాడు.

"ఇప్పుడు బాగుంది పిన్నీ. వెనకాల ఆ ఆరేసిన లంగాలు తీసెయ్యి."

"తీసి ఎక్కడ ఆరేసుకోనే? మీ సారు నెత్తిమీదా?" అంది గలగల పిన్ని. తెరమీద గళ్ళన్నీ ఒక్కసారి నవ్వాయి.

మూడో వరసలో మొదటి గడి అత్తది. తన అత్తే, మొగుడి తల్లి. పెట్టె అడుగునుంచి తీసిన మంచి చీర కట్టుకుని, పెళ్ళి ఫోటోకి కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పద్దెనిమిదేళ్ళు బొత్తాలు కుట్టి కుట్టి ఆవిడ వేళ్ళ కొసలు కాయకట్టాయి. ఎంత నొక్కినా ఫోను ఆ వేళ్ళని గుర్తుపట్టదు.

"వేలు మడిచి కణుపుతో నొక్కు అత్తా, నిన్న చెప్పాగా."

"నొక్కుతున్నానమ్మాయ్. ఇది నన్ను మనిషి కింద లెక్కేసుకోదే!"

"మెల్లిగా నొక్కు, తొందరేం లేదు. అందరూ వినండి. సారు మాట్లాడేటప్పుడు మీ మాట వినపడదు. అడగాలంటే ఆ చెయ్యి బొమ్మ నొక్కండి. మీ చెయ్యి నాకు కనపడుతుంది. చెయ్యెత్తినవాళ్ళకి వంతు ఇప్పించే పూచీ నాది."

పదకొండుకి పది నిమిషాలుందనగా మేనేజరు వచ్చి బల్లమీద ఒక కాగితం పెట్టాడు. ఆమె చదివింది. పలకరింపు అర నిమిషం. విషయం రెండు నిమిషాలు. కృతజ్ఞతలు అర నిమిషం. ప్రశ్నలు లేవు. కింద 'తొలగింపు' అని, ఇరవై ఆరు కార్డు నంబర్లు. వరసలో పదిహేడోది అత్త కార్డు మీద రోజూ చూసేదే.

"సార్... ఏం మాట్లాడతామో ముందే అందరికీ పంపాలి కదా," అంది. ఆ క్షణాన నోటికొచ్చింది అదొక్కటే.

ఆయన నవ్వాడు. "ముందే పంపితే గేటు దగ్గర కూర్చుని గుండెలు బాదుకుంటారు. అక్కడ పోలీసులూ గొడవా. ఇక్కడైతే నీ వేలు చాలు. అందరి నోళ్ళూ ముందే ఆపెయ్."

"మా అత్త కూడా ఉంది సార్."

"తెలుసు. నీ నంబరు లేదు చూశావా? అది నా చలవే. ఇంటికెళ్ళాక ఆవిణ్ణి నువ్వే ఓదార్చుకో, మనిషివి కదా."

మొగుడికి పని లేదు, ఇంట్లో వచ్చే జీతాలే రెండు. అందులో ఒకటి ఇంకో పది నిమిషాల్లో పోతుంది. రెండోది పోకుండా ఉండాలంటే ఆమె వేలు చెప్పినట్టు వినాలి. విన్నది. పదకొండు కొట్టగానే ఇరవై ఆరు మైకులూ ఆగిపోయాయి.

మేనేజరు కాలరు సర్దుకుని, వెలుగు మొహం మీద పడేట్టు కూర్చున్నాడు. అది కూడా ఆమె నేర్పిందే.

"మీరంతా మా కుటుంబం. కొత్త మిషన్లు వచ్చాయి, బొత్తాలు ఇక అవే కుడతాయి. మీ విభాగం ఇవాళ్టితో మూసేశాం. మీకు రావాల్సింది బ్యాంకులో పడుతుంది. గేటు దగ్గరికి ఎవరూ రావద్దు."

గళ్ళల్లో మొహాలు ఒక్కొక్కటే జారిపోయాయి. నోళ్ళు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఒక్క మాటా గదిలోకి రాలేదు. గలగల పిన్నికి సిగ్నలు పోయినట్టుంది. ఇందాకటి నవ్వే మొహాన అతుక్కుపోయి, లంగాల తాడు ముందు పళ్ళన్నీ కనపడేలా కదలకుండా ఉండిపోయింది. ఆ నవ్వుకేసి చూడలేకపోయింది కంప్యూటరమ్మాయి.

అప్పుడు లేచింది మొదటి చెయ్యి. చిన్న పసుపు బొమ్మ. తర్వాత మూడు. తర్వాత వరసకి వరస, పిన్నిదీ అత్తదీ తప్ప అన్నీ. అరవలేదు, ఫోను విసిరికొట్టలేదు. నేర్పినట్టే చెయ్యెత్తి, వంతు కోసం బుద్ధిగా కూర్చున్నారు.

"ఏంటివి?" అన్నాడు మేనేజరు, వాళ్ళకి వినపడకుండా మైకు చేత్తో మూసి.

"అడగాలంటున్నారు సార్."

"దించెయ్. అన్నీ ఒకేసారి దించే మీట ఉంటుందిగా."

ఉంది. చూపుడువేలికి బెత్తెడు దూరంలో ఉంది.

మూడో వరసలో అత్త ఫోనుమీదకి వంగింది. తెల్లజుట్టు పాపిడి తప్ప ఏమీ కనపడటం లేదు. వేలు మడిచి నొక్కుతోంది. రాలేదు. చీర కొంగుతో తెర తుడిచి మళ్ళీ నొక్కింది. రాలేదు.

"నీకే చెప్పేది! దించు!"

"ఇంకొకరు ఎత్తుతున్నారు సార్," అంది కంప్యూటరమ్మాయి. రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆగండి."

"నీ నంబరు కూడా రాయించమంటావా?"

ఆయన మౌసు లాక్కున్నాడు. బాణం తెరంతా తిరిగింది, ఇది తెరిచింది, అది మూసింది. ఆ మీట ఎక్కడుందో ఆయనకి తెలీదు. ఆమె చెప్పలేదు.

మూడో వరసలో మొదటి గడి మీద, ఇరవై ఐదో చెయ్యి లేచింది.