మామగారికి ఎర్ర కార్డు

ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే కోడలికి ఉపన్యాసాల పోటీలో సమయం చూసే పని అంటగట్టింది మామగారే. రోజంతా "ఊపిరి బిగపట్టండి, ఇక వదలండి" అనడం తప్ప ఆమెకు మాటలతో పెద్దగా పనిలేదు. బీమా ఆఫీసులో రిటైరైన మామగారికి మాటలు తప్ప వేరే పనిలేదు. ఆయన భోజనం దగ్గర నోరు విప్పితే ఇంటిల్లిపాదికీ కంచాల్లో చేతులు ఎండిపోవలసిందే. వక్తల క్లబ్బుకు ఆయనే అధ్యక్షుడు.

ఆ ఆదివారం పోటీకి టైమ్‌కీపర్ జ్వరమని రాలేదు.

"నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా, కార్డులెత్తితే చాలు," అన్నారు మామగారు.

అయిదో నిమిషానికి పచ్చ, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు. ఆ పైన అరనిమిషం దాటితే పోటీలోంచి అవుట్. ఆ నిబంధన రాసిందీ ఆయనే.

దర్జీ పచ్చ కార్డు చూసే హడలిపోయి, సగం వాక్యం మింగేసి కూర్చున్నాడు. లెక్కల టీచరు ఆరున్నరకు ముగించింది. చివర్లో మామగారు లేచారు. అంశం, ఎదుటివారి మాట వినడం.

ఏడో నిమిషాన కోడలు ఎరుపు ఎత్తింది. ఎవరో దండ వేసినట్టు ఆయన చిరునవ్వు నవ్వి, చిన్నతనంలోకి వెళ్లిపోయారు. ఆమె లేచి నిలబడి ఎత్తింది. చెయ్యి లాగేస్తోంది, ఆయనకింకా ఉద్యోగమే రాలేదు.

అంతా అయ్యాక నివేదిక చదవమన్నారు. ఆమె కాగితం తీసి చదివింది.

"అధ్యక్షులవారు ఇరవై మూడు నిమిషాలు. నిబంధన ప్రకారం పోటీలో లేరండి."

గదిలో ఒక్కరూ నోరు మెదపలేదు. అందరూ వక్తలే.

కాసేపటికి కార్యదర్శి లేచి, అది ప్రసంగం కాదనీ, ఆశీర్వచనమనీ, దానికి గడియారంతో పనిలేదనీ సర్దిచెప్పాడు. చప్పట్లు మోగాయి. ఆశీర్వచనానికే కప్పు కూడా ఇచ్చేశారు.

మెట్ల దగ్గర మాత్రం ఒక్కొక్కరే వచ్చి ఆమెను గుసగుసగా మెచ్చుకున్నారు. కడుపు నిండిందన్నాడు దర్జీ.

"ఆ మాట పైన అనాల్సింది కదండీ," అందామె. అతను సంచి సర్దుకుని చకచకా దిగిపోయాడు.

దారి పొడుగునా మామగారు మాట్లాడలేదు. కాపురానికొచ్చాక ఆమెకు అంత హాయిగా గడిచిన నడక అదే. గేటు దగ్గర ఆయన ఆగారు.

"నిజంగా ఇరవై మూడేనా?"

"ఇంకో నలభై సెకన్లున్నాయి మామయ్యగారూ. మీమీద గౌరవంతో వదిలేశాను."

మరుసటి వారం నుంచి కార్డులు కార్యదర్శి చేతికి వెళ్లాయి. అతని లెక్కలో అధ్యక్షులవారు ఏనాడూ ఏడు నిమిషాలు దాటలేదు.