లక్క వీరులు, బొగ్గుల కుంపటి

మెహ్రీన్‌కు తాను కనిపెట్టిన ఆట మీద అనుమానం ఏనాడూ లేదు. ఆట నచ్చనివాళ్లు ఎవరైనా తగిలితే, పాపం వీళ్లకు ఆడడం రాదు కాబోలు అని జాలిపడేది. ఇరవై ఆరేళ్ల పిల్లకు అంత ధీమా ఎక్కడిదని సందులోవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. వాళ్లమ్మ అజీజా బేగం దగ్గర్నుంచి వచ్చింది, ఇంకెక్కడిది! ఆవిడ పొరుగింటి బిర్యానీ తింటూ కూడా ఇది నేను నేర్పిందే అనగల మనిషి.

నల్లగొండ గడియారం సెంటర్ వెనక సందులో మెహ్రీన్ తండ్రి ఖుద్దూస్‌కు లక్క గాజుల దుకాణం ఉంది. ముందు అమ్మకం, వెనక గదిలో పని. ఆ గదిలో ఒక మూల బొగ్గుల కుంపటి. దాని సెగకు లక్కను మెత్తబరిచి, సాగదీసి, గాజుగా చుట్టి, పైన రాళ్లు పొదుగుతాడాయన. చేతికి బిగువైతే మళ్లీ సెగ చూపించి, వదులు చేసి, అక్కడికక్కడే తొడిగి పంపుతాడు. మిగిలిన లక్క ముక్కలతో మెహ్రీన్ చిన్నప్పటి నుంచీ బొమ్మలు చేసేది. పెద్దయ్యాక ఆ బొమ్మల మధ్య పగ పెట్టింది.

ఒక పక్క గుట్ట రాకాసులు. కాపురాల గుట్ట మీది బండలకు కాళ్లూ చేతులూ మొలిచి, చేతికి ఒక గద ఇస్తే ఎలా ఉంటాయో అలా ఉంటారు. ఇంకో పక్క నల్లమల పులిమనుషులు. తల పులిది, ఒళ్లు మనిషిది, చేతిలో బల్లెం. అందరూ వేలెడంత ఎత్తు, చెరో ఐదుగురు. పోచంపల్లి గుడ్డ ఒకటి పరిచి, దాని మీద నాలుగు రాళ్లు, రెండు గిన్నె మూతలు పెడితే అదే యుద్ధభూమి. నువ్వొక వీరుణ్ణి కదిపితే వెంటనే ఎదుటివాడి వంతు, కాబట్టి గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే పని లేదు. కొలతకు టేపు అక్కర్లేదు, ఒక గాజు చాలు. గాజు వెడల్పు ఎంతో అంత నడక. ఆయుధం కొసకు గాజును ఆనిస్తే, ఆ గాజు లోపల పడ్డ శత్రువును కొట్టవచ్చు. దెబ్బ తగిలిందా లేదా అన్నది గవ్వలు చెబుతాయి. మూడు దెబ్బలకు వీరుడు పడిపోతాడు. గంటలో ఆట ఖతం.

హైదరాబాద్‌లో ఇలాంటి బొమ్మల యుద్ధాలు ఆడే పెద్దవాళ్ల కోసం ఒక హాలు, పక్కనే ఒక దుకాణం నడిపే వెంకటేశ్‌కు ఆమె ఆట వీడియో పంపింది. పాలమూరు మనిషి, మొహమాటం లేనివాడు. గొంతు రికార్డు చేసి జవాబు పంపాడు.

"బొమ్మలు జబర్దస్తున్నయ్. ఆట ఉరుకుతది. గానీ దెబ్బల లెక్క మంచిగ లేదు. బొమ్మ పక్కన చింతగింజలు పెడుతున్నవ్. జరిపినప్పుడల్ల అవి ఎటో పోతున్నయ్. ఎవనికి ఎన్ని దెబ్బలు పడ్డయో బల్ల దిక్కు చూస్తెనే తెల్వాలె. అది సక్కజెయ్, నేనే వచ్చి ఆడి చూస్త. మంచిగుంటె మా దుకాణంల పెడత."

ఉన్న మాటంటే ఉలుకెక్కువ. మెహ్రీన్ అతణ్ణి కడుపునిండా తిట్టుకుంది. కోపం చల్లారాక అతను చెప్పింది నిజమేనని ఒప్పుకుంది, అదీ మనసులోనే. తర్వాత కూర్చుని ప్రతి బొమ్మ కాళ్ల కింది పీట మీదా మూడేసి చిన్న గుంటలు తవ్వింది. దెబ్బకో గింజ గుంటలో కూర్చుంటుంది, ఎక్కడికీ దొర్లదు.

వట్టి సరదా అయితే ఇంత తంటా పడేదే కాదు. ఖుద్దూస్ ఆ కుంపటిని ఇచ్చేస్తున్నాడు. లక్క గాజులు ఇప్పుడు పెళ్లిళ్లకు తప్ప ఎవరూ అడగడం లేదు. అందుకని చేతిలో ఉన్న పెళ్లి గాజులు పూర్తి కాగానే లక్క పని మానేసి, తయారైన ప్లాస్టిక్ గాజులు తెచ్చి అమ్ముకుందామని నిర్ణయించుకున్నాడు. బస్టాండ్ దగ్గర మక్క కంకులు కాల్చే ఐలేశానికి, బుధవారం సాయంత్రం వచ్చి కుంపటి తీసుకుపొమ్మని మాట కూడా ఇచ్చేశాడు. తాత ఊదిన కుంపటి మీద కంకులు కాలుతుంటే చూడడం మెహ్రీన్ వల్ల కాదు. వెంకటేశ్ ఆటను ఒప్పుకుంటే లక్క బొమ్మలు కావాలి, లక్క బొమ్మలకు కుంపటి కావాలి. వెంకటేశ్ వచ్చేదీ ఆ బుధవారమే.

ఆ రోజు పొద్దున్నే మెహ్రీన్ స్నానం చేసి గదిలోకి వచ్చేసరికి బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి, బడిలో ప్రార్థనకు నిలబెట్టినట్టు. మీదికి దూకబోయే పులి, వంగి బండ ఎత్తే రాకాసి, అందరూ నిటారుగా.

ఖుద్దూస్ మురిసిపోతూ అన్నాడు. "నీ బొమ్మలన్ని వంకరటింకరగున్నయ్ బేటా. అడుగున గుంటలు గూడ పడ్డయ్. మెహమాన్ వస్తుండు, ఇజ్జత్ పోతదని తెల్లారంగనె కూసోని అన్ని సాపు జేసిన. గుంటలు పూడ్చిన. జర చెయ్యివెట్టి సూడు, ఎంత నున్నగున్నయో!"

ఏం చెప్పాలి ఈయనకు? జీవితమంతా వంకర తీయడం, గుంట పూడ్చడమే పనిగా బతికిన మనిషి. లక్కలో వంకర కనిపిస్తే ఆ చేతులు ఊరుకోవు.

"అవి పడ్డ గుంటలు గావు అబ్బాజాన్! గింజలు పెట్టనీకి నేను తవ్విన!"

"మరి ముందుగాల చెప్పాలె గద? నాకేమెరుక?"

మెహ్రీన్‌కు కోపం నషాళానికంటింది. మళ్లీ తవ్వుదామని సూది అందుకునేలోపే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. "ఖుద్దూస్ చాచా దుకాణం ఇదేనా?" అంటూ వెంకటేశ్ లోపలికి వచ్చాడు. నలభై దాటిన బక్కపలచని మనిషి.

సూది పక్కన పడేసి, నవ్వు ముఖం పెట్టి, గుడ్డ పరిచింది. "రాండ్రి అన్నా. అంతా తయార్."

వెంకటేశ్ పులులను తీసుకున్నాడు, మెహ్రీన్ రాకాసులను. ఖుద్దూస్ మూలన కుంపటి ముందు కూర్చుని ఆఖరి పెళ్లి గాజులకు సెగ పెడుతున్నాడు, తన తప్పేమిటో ఇంకా అర్థంకాని ముఖంతో.

కాసేపు ఆట బాగానే నడిచింది. గవ్వలు గలగలమన్నాయి. వెంకటేశ్ పులి ఒకటి రాయి చాటు నుంచి రాకాసిని పొడిచింది, ఇంకో రాకాసి ఒక పులిని మోదింది. నున్నటి పీటల పక్కన చింతగింజలు చేరాయి. మెహ్రీన్ పెద్ద రాకాసిని కదపగానే పక్కవాళ్ల గింజలు రెండు దొర్లి గిన్నె మూత కింద దూరాయి.

"ఈ గింజ నీ రాకాసిదా, నా పులిదా?" అడిగాడు వెంకటేశ్.

"మీ పులిదే."

"నాకట్ల అనిపిస్తలేదు." అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "మెహ్రీన్, నేను చెప్పిన తప్పు గట్లనే ఉన్నది గద?"

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. అన్నది అబద్ధం కాదు, అదే మరీ మంట. ఆ వంతు అతనిది, అతని పులి వచ్చి పెద్ద రాకాసిని ఒక పోటు పొడిచింది. మెహ్రీన్ చేతిలోని గింజ గుడ్డ మీద పెట్టలేదు. రాకాసిని పట్టుకుని విసురుగా లేచి, తండ్రి చేతిలో గాజు ఉండగానే కుంపటి మీదికి వంగి, బొమ్మ నడుముకు సెగ చూపించింది. లక్క మెత్తబడింది. పటుక్కున ముందుకు వంచి, ఉఫ్‌మని ఊది, తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇగో దెబ్బ. కనవడ్తున్నదా?"

రాకాసి కడుపు పట్టుకున్నట్టు వంగి నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నిటారుగా ఉండడంతో గుమ్మంలోంచి చూసినా వాడికే తగిలిందని తెలిసిపోతోంది. తండ్రి అన్నిటినీ సాపు చేయకపోతే ఆ తేడా తెలిసేది కాదు. ఆ సంగతి మెహ్రీన్‌కు తట్టింది గానీ, అప్పుడే బయటపెట్టేంత అమాయకురాలు కాదు.

ఇప్పుడు ఆమె వంతు. రాకాసి గద కొసకు గాజు ఆనించింది. వంగినవాడి గద కిందికి దిగి సొంత కాళ్ల ముందే వాలింది. ఎదుట ఉన్న పులి గాజు లోపల పడలేదు.

"అందుతలేదు," అన్నాడు వెంకటేశ్, ముందుకు జరుగుతూ. "దెబ్బ తిన్నోనికి చెయ్యి అందుతలేదు! లెక్క లేదు, గింజ లేదు, దానంతటదే తక్కువైంది. ఇది నువ్వు ముందే అనుకున్నదేనా?"

"మరి?" అంది మెహ్రీన్, రెప్ప వేయకుండా. మూలన ఖుద్దూస్‌కు దగ్గు వచ్చింది.

అక్కడి నుంచి గింజలు పక్కకుపోయాయి. ఒక దెబ్బకు నడుము వంచడం, రెండో దెబ్బకు మోకాళ్ల మీద కూర్చోబెట్టడం, మూడో దెబ్బకు పడుకోబెట్టడం. వెంకటేశ్ ఉత్సాహం పట్టలేక తన పులిని సెగ చూపించకుండానే వంచబోయాడు. చెయ్యి టక్కున విరిగింది. అతని ముఖం తెల్లబోయింది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. లక్క విరిగితె అతుకుతది," అంటూ ఖుద్దూస్ పెళ్లి గాజు పక్కన పెట్టి, విరిగిన ముక్కలను సెగకు చూపి అతికించాడు. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకలేదు. ఆ తర్వాత ఆయన గాజుల వైపు తిరగనే లేదు. బల్ల పక్కన పీట వేసుకుని, దెబ్బ తిన్నవాళ్లను తనే వంచి ఇవ్వసాగాడు. పైగా వెంకటేశ్‌కు సలహాలు. "నీ పులిని గా రాయెన్కకు తియ్యి. లేకుంటె నా బిడ్డ సంపుతది."

చివరికి వెంకటేశే గెలిచాడు. గవ్వలు సరిగా పడలేదంది మెహ్రీన్.

ఛాయ్ తాగుతూ అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇసొంటి ఆట నేనింకెక్కడ చూడలే. గాయం కండ్లకు కనవడ్తది, దానికి తగ్గట్టు బలం తగ్గుతది. విరిగినా పర్వాలేదు. అయితె రెండు లోపాలున్నయ్. మొదలు దెబ్బ కొట్టినోనికే ఆట దక్కుతున్నది, వంగినోడు మళ్ల తేరుకుంటలేడు. అది నువ్వు సక్కజేస్కోగలవ్. రెండోది..." కుంపటి వైపు చూశాడు. "నిప్పు. దీన్ని డబ్బాల పెట్టి నేనెట్ల అమ్మాలె? ఎవరింట్ల కుంపటుంటది?"

కుంపటిని నిలబెడదామని కదా ఇంత చేసింది, ఆ కుంపటే అడ్డమొచ్చి కూర్చుంది. మెహ్రీన్ తండ్రి వైపు చూసింది. ఆయన అలవాటు కొద్దీ పెళ్లి గాజును వేళ్ల మధ్య తిప్పుతున్నాడు, బిగువో వదులో చూస్తూ.

"అన్నా, గాజులు డబ్బాల పంపితె చేతికి సరిపోతయా?" అంది. "మా తాత ఊరూరు తిరిగి, ఇంటికి పోయి, చెయ్యి చూసి తొడిగేటోడు. గిది గూడ గంతే. మీ హాలుకు మేమే వస్తం. కుంపటి తోటి, అబ్బాజాన్ తోటి. ఆడేటోళ్లు బొమ్మలు కొనుక్కుంటరు, అక్కడనే ఆడుకుంటరు. విరిగితె అతికిచ్చి ఇస్తం."

వెంకటేశ్ ఖాళీ గ్లాసు కింద పెట్టి, హాలు నిండేది ఆదివారాలే కదా అని లెక్క వేసుకున్నాడు. "ఐతారం ఐతారం రాగలరా?" అన్నాడు. "ఒక్క మాట. చాచా లేకుంటె నాకొద్దు."

ఆ సంగతి చాచాను ఎవరూ అడగలేదు. అడిగే వ్యవధి కూడా లేకపోయింది. బయట బండి ఆగింది. ఐలేశం గోనెసంచి భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. "ఖుద్దూస్ భాయ్, కుంపటి తీస్కపోనా? ముసురు పట్టింది, కంకులకు మస్తు గిరాకీ ఉంటది."

మెహ్రీన్ ఆ గోనెసంచి వైపు చూసింది. తండ్రి మాట ఇస్తే తప్పడు. పొద్దున్నుంచీ అడుగంటని ఆమె ధీమా అప్పుడు అడుగంటింది.

ఖుద్దూస్ కుంపటి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. బొగ్గులు బూడిద పట్టి ఉన్నాయి. పుల్లతో కదిపి చూశాడు. తర్వాత పక్కనున్న తట్టలోంచి గుప్పెడు బొగ్గులు తీసి వేసి, విసనకర్ర అందుకున్నాడు.

"మాట తప్పుతున్న ఐలేశం, ఏమనుకోకు. నీకింకో కుంపటి నేనే చూసి తెచ్చిస్త. దీనికి పని వడ్డది."

ఐలేశం గోనెసంచి మడత పెడుతూ ఆయన్నీ బల్లనూ మార్చి మార్చి చూశాడు. బొగ్గులు ఎర్రబడ్డాయి. ఖుద్దూస్ కూతురి వైపు చెయ్యి చాపాడు.

"గా బొమ్మలన్ని ఇటియ్యి బేటా. పడ్డోళ్లందర్ని మళ్ల నిలవెట్టాలె."