బావమరిది పట్టాల్సిన తాడు

నేను ఒక తాడును. నల్లమలలో బయన్న అనే చెంచు, భార్య ఈరమ్మ నార అందిస్తుంటే, ఈ ఎండాకాలంలోనే నన్ను పేనాడు. తేనె కోసం అతను కొండ అంచు నుంచి దిగుతుంటే బరువు మోయడం నా పని. పైన నన్ను పట్టుకునేవాడు మాత్రం ఈరమ్మ తమ్ముడు ఈదన్నే కావాలి. తోడబుట్టినవాణ్ని కూడా నమ్మరు వీళ్లు. అక్క పసుపుకుంకుమలను ఏ తమ్ముడూ చేజేతులా జారవిడవడని వాళ్ల ధీమా.

ఆ కొండలోని పాత గుహలను కాపాడటానికి ఒక కమిటీ వెలిసింది. అందులో అడవివాళ్లకూ చోటుండాలన్నారు. నాకూ సంబరమేసింది, అబద్ధమెందుకు. ఈదన్నను సభ్యుణ్ని చేశారు. కమిటీ ప్రారంభోత్సవం నాడు బయన్న తేనె తీసి అతిథులకు చూపించాలని దాని అధ్యక్షుడు, పెద్దసారు, ముచ్చటపడ్డాడు.

తీరా బయన్న నన్ను నడుముకు కట్టుకునేసరికి ఈదన్న మెడలో దండతో వేదిక మీదున్నాడు. లేచి రాబోయాడు.

"తాడు నేనే పట్టాల సారూ. మా బావకు ఇంకొకరు పట్టకూడదు."

"నువ్వు సభ్యుడివయ్యా. నీ కుర్చీ ఖాళీగా ఉంటే ఏం బాగుంటుంది? మావాడు పడతాడులే" అని పెద్దసారు భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

నన్ను కాపలావాడికిచ్చారు. మర్యాద తెలిసిన మనిషి. బయన్న సగం దిగాడో లేదో ముఖ్య అతిథి కారు దిగాడు. కాపలావాడు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. బయన్నతో పాటు నేనూ లోయలో పడ్డాను.

నేను తెగలేదు. ఒక్క పోగు కూడా చెదరలేదు. అదే వాళ్లకు ఇబ్బందయింది. సాయంత్రం బయన్న శవంతో పాటు నన్నూ పైకి తెచ్చాక పెద్దసారు కత్తి తెప్పించి నన్ను నడిమికి కోయించాడు. తాడు పాతబడి తెగిందని అందరికీ చెప్పారు.

ఇప్పుడు కమిటీ పెట్టిన మ్యూజియంలో అద్దం వెనక రెండు ముక్కలుగా ఉన్నాను. స్థానికులకే ఉద్యోగాలన్నారు కదా, ఈదన్నను నా కాపలాకు, ఈరమ్మను ఊడవడానికి పెట్టారు. వచ్చినవాళ్లకు నా కథ చెప్పేది ఈదన్నే. నోరు జారితే గుహల పక్కనున్న మీ గూడెం లేపేస్తామని ముందే చెప్పి ఉంచారు.

నిన్న ఒకాయన అడిగాడు, "ఇదెట్లా తెగిందయ్యా?"

ఈదన్న తల తిప్పి చూశాడు. పెద్దసారు గుమ్మంలోనే ఉన్నాడు. ఈరమ్మ చీపురు ఆపింది.

"పాతది సారూ. మా ఆయన సరిగా పేనలేదు" అంది.

ఆ తర్వాత కొంగుతో నా అద్దం తుడిచి, మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.