బుద్ధిమంతురాలి రక్తపు చుక్క

నేను ఒక రక్తపరీక్ష యంత్రాన్ని. టిఫిన్ క్యారేజీ కన్నా పెద్దదాన్నేమీ కాదు. ఒంట్లో ఇన్‌ఫెక్షనో వాపో మొదలైతే సీఆర్‌పీ అనే పదార్థం రక్తంలో పెరుగుతుంది. అది ఎంతుందో ఒక్క చుక్కతో చెప్పడం నా ఉద్యోగం. మొదట విజయనగరంలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో మోకాళ్ల నొప్పుల పెద్దమనుషుల రక్తం చూశాను. వాళ్లు నా అంకె చదువుకుని ఎవరి వైద్యం వాళ్లే చేసుకునేవారు. ఆ ల్యాబ్ మూతపడ్డాక పార్వతీపురం వైపు ఒక ఆసుపత్రిలో పసిపిల్లల వార్డుకి చేరాను.

ఒక ఉదయం అప్పలనరసమ్మ అనే ఆవిడ రెండు రోజుల మనవరాలిని ఒళ్లో పెట్టుకుని పక్క మంచాల వాళ్లతో గొప్పలు పోతోంది. "మా పిల్ల బుద్ధిమంతురాలమ్మా. కిక్కురుమన్నేదు. పాలు కూడా అడగదు."

అటు వెళ్తున్న నర్సు స్టెల్లా ఆగిపోయింది. ఆ వార్డులో పదిహేనేళ్లు పనిచేసిన మనిషికి 'బుద్ధిమంతురాలు' అన్న మాట వింటే గుండె గుభేలుమంటుంది. పాలడగని పసిబిడ్డను చూసి మురిసిపోవడం మనుషులకే చెల్లింది. పిల్ల మడమ మీద చిన్నగా గుచ్చి, ఒక చుక్క తెచ్చి నాకిచ్చింది.

నేను మూడు అన్నాను. పదిలోపు ఉంటే మామూలే.

"సూసినావా, నానేటన్నాను" అంది అప్పలనరసమ్మ, పిల్ల తల్లి అయిన కూతురు భారతితో.

డాక్టర్ వసుధ మాత్రం నన్ను నమ్మలేదు. "ఇది పెరగడానికి టైం పడుతుందమ్మా. పిల్ల మరీ డీలాగా ఉంది. మందు ఇప్పుడే మొదలుపెట్టి, సాయంత్రం మళ్లీ చూద్దాం" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం నలభై ఎనిమిది అన్నాను. ఆ అంకె చూపించడానికి నాకే భయమేసింది. భారతి పిల్లని ఒళ్లోకి లాక్కుంది.

"బుద్ధనుకున్నానమ్మా, రోగమనుకోనేదు" అంది అప్పలనరసమ్మ.

"పొద్దున్నే మందు పడింది కదా, అదే మన అదృష్టం" అంది స్టెల్లా.

మర్నాడు అరవై. ఆ మర్నాడు ముప్పై. తర్వాత పన్నెండు. ఒక్కొక్క అంకె దిగుతుంటే నా మీంచి కూడా బరువు దిగింది. నాలుగు అన్న రోజున స్టెల్లా మడమ పట్టుకోగానే పిల్ల వార్డు ఎగిరిపోయేలా కేకపెట్టింది. భారతి ఏడుస్తూ నవ్వింది.

ఇప్పుడు నేను స్టోర్‌రూంలో, 'పనిచేయదు' అన్న చీటీతో పడున్నాను. నా పైమూల మీద ఒక నల్లటి చుక్క ఉంది. ఎవరైనా మరకనుకుని తుడవబోతే స్టెల్లా ఊరుకోదు. ఇంటికెళ్లే రోజు అప్పలనరసమ్మ నా దగ్గరికొచ్చి, "బంగారు తల్లివే నువ్వు" అంది. అని, పొగిడినందుకు నాకు దిష్టి తగులుతుందేమోనని, మనవరాలి బుగ్గ మీది కాటుక వేలితో తీసి నాకు పెట్టింది. అంతసేపూ పిల్ల గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. మెట్లు దిగి ఆటో ఎక్కేదాకా అదే ఏడుపు. ఎవరూ ఊరుకోబెట్టలేదు.