తారాబాయి దుకాణం బూట్లు

దసరాకు వారం ముందు మా అత్త భూమవ్వ గోడ గడియారం వెనక నుంచి చీపురుపుల్ల తీసి మా ఆయన చేతికిచ్చేది. ఆ పుల్ల నా కాలి కొలత. 1958లో పెళ్లి కుదిరినప్పుడు వేల్పూరులో మా అవ్వ, అంటే కన్నతల్లి, నా మడమ నుంచి బొటనవేలి దాకా పెట్టి, గోటితో తుంచి పంపింది. అప్పుడు నాకు పదహారేళ్లు. మా దిక్కు చాలా ఇళ్లలో అదే పద్ధతి. మగవాళ్లు బజారుకు పోయి, పుల్లను చెప్పులో పెట్టి చూసి కొనుక్కొస్తారు. ఆడవాళ్లు దుకాణం మెట్టెక్కి కాలు చాపరు. తొమ్మిదేళ్లు ఆ పుల్లతోనే నాకు చెప్పులు వచ్చాయి. అవి కరిచేవి. "కొత్త చెప్పులన్నంక కరువయా?" అనేది మా అత్త. కరిచినచోట కొబ్బరినూనె రాసుకునేదాన్ని. ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంకా కరిచాయి. "గవేం కాళ్లే, అడ్డం పెరుగుతున్నయి" అనేది. లోపం నా కాళ్లలోనే ఉందనుకున్నాను. పదిమందిలో కూర్చుంటే చీర అంచు కిందికి లాక్కునేదాన్ని.

అప్పటికి నేను బోధన్‌లో ఒక బాలికల బడిలో డ్రిల్ టీచరును. తాత్కాలికపు నౌకరి. పొద్దున నాలుగున్నరకు లేచి నీళ్లు పట్టి, వంట చేసి, చక్కెర ఫ్యాక్టరీలో గుమస్తా అయిన మా ఆయన రాజేశ్వర్‌కు టిఫిన్ డబ్బా కట్టి, పిల్లలకు తలదువ్వి, గంట కొట్టే వేళకు బడి చేరేదాన్ని. "పొల్లలను వరుసల నిలవెడుతవ్, గదో కొలువా?" అనేవాడు ఆయన. జీతం కవరు మాత్రం విప్పకుండా ఆయన చేతికే ఇచ్చేదాన్ని. 1967 జనవరిలో కాగితం వచ్చింది. వేసవిలో రెండు నెలల శిక్షణ ఉంది. అది పూర్తిచేసిన వాళ్ల నౌకరి ఖాయమవుతుంది. లేకపోతే జూన్‌లో వేరే టీచరు వస్తుంది, నేను ఇంటికి పోవాలి. శిక్షణకు తీసుకోవాలంటే మార్చి పదకొండున నిజామాబాద్ మైదానంలో నాలుగు వందల మీటర్లు తొంభై సెకన్లలో పరుగెత్తాలి. కాన్వాసు బూట్లు లేనివాళ్లను గీత దగ్గరికి రానివ్వరు.

పరుగు నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు పసుపు చేనులో ఉన్న మా బాపుకు అన్నం తీసుకుని ఉరికేదాన్ని. చేను గట్టు మీద మట్టి మెత్తగా ఉండేది, వట్టి కాళ్లతో ఉరికితే వేళ్లు విచ్చుకునేవి. తలమీది సర్వలో చారు తొణికేది కాదు. "గా పొల్ల కాళ్లకు చక్రాలున్నయి" అని కూలోళ్లు నవ్వేవాళ్లు. పెళ్లయ్యాక ఉరికే పని పడలేదు. ఇంట్లో అందరికంటే ఎక్కువ నడిచేదాన్నే, కానీ ఆ నడక అంతా పొయ్యికీ నల్లాకూ మధ్యనే.

బూట్లు కొనుక్కొస్తానంటే మా ఆయన ఒప్పుకోలేదు. "బోధన్‌ల ఏం దొరుకుతయి? ఆఫీసు పని మీద పట్నం పోతున్న, నేనే తెస్త" అన్నాడు. గడియారం వెనక పుల్ల చొక్కా జేబులో పెట్టుకుని హైదరాబాద్ పోయాడు. తెల్లటి బూట్లు, డబ్బాతో సహా తెచ్చాడు. ఫ్యాక్టరీలో పదిమందికి చూపించాకే ఇంటికి తెచ్చాడు. దుకాణంవాడు పుల్ల లోపల పెట్టి చూశాడట, సరిగ్గా సరిపోయిందట. పొడవు సరిపోయింది. పుల్లకు వెడల్పు ఉండదు కదా. మొదటిరోజు బడి మైదానంలో రెండు చుట్లు తిరిగేసరికి చిటికెన వేళ్లు బొబ్బలెక్కాయి. అయిదో రోజుకు గోరు నల్లబడింది. "ఏసుకుంటుంటే సాగుతయి. గింత ఖరీదువెట్టి తెస్తే మొకం ముడుసుకుంటవేంది?" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆ ఇంట్లో నేను ఎక్కువగా చేసిన పని అదే.

ఫిబ్రవరి నెలాఖరున మా హెడ్మిస్ట్రెస్ నాగేంద్రమ్మగారు వరండాలో ఆపారు. కాలువ కింద పొలాలు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది.

"కుంటుతున్నావేంటమ్మా శ్యామలా?"

చెప్పాను.

"పుల్ల పెట్టి కొన్నారా? నువ్వు లేకుండానా?" ఆమె నవ్వలేదు. "బజార్లో తారాబాయి దగ్గరకెళ్లు. మా పిల్లల జోళ్లన్నీ ఆవిడ దగ్గరే. నీ కాళ్లు వెంట తీసుకుపో మరి."

ఆ నెల జీతం కవరు విప్పాను.

తారాబాయి దుకాణం బోధన్ బజారులో ఇద్దరు పట్టేంత గది. ఇప్పుడు అక్కడ గడియారాలు బాగుచేస్తున్నారు. అటు పోయినప్పుడల్లా నాకు ఇంకా రబ్బరు వాసనే గుర్తొస్తుంది, దానితో పాటు చెరకు బండ్లు పోతుంటే వచ్చే తీపి వాసన. తారాబాయి తొమ్మిది గజాల చీర కాసెపోసి, కుచ్చిళ్లు కాళ్ల మధ్య నుంచి వెనక్కి దోపి కట్టుకుని గోనెపట్టా మీద కూర్చునేది. భర్త పోయాక దుకాణం తనే నడిపింది. ఇంట్లో మరాఠీ, గిరాకీతో తెలుగు.

పుల్ల సంగతి చెబితే, "పుల్ల ఉరుకుతదా, నువ్వు ఉరుకుతవా?" అంది. నా పాదాల మీద చెంబుతో నీళ్లు పోసి, ముందున్న నల్లరాయి మీద నడవమంది. నడిచాను. రాయి మీద తడి అడుగులు పడ్డాయి. ఆమె వంగి ఆరిపోయేదాకా చూసింది.

"అగ బాయి! ఎంతమంది పిల్లలు?"

"ఇద్దరు."

"పిల్లలను కన్నంక కాలు పెరుగుతది, అడ్డం గూడ పోతది. నడుము మారుతది, కాలు మారదా? ఎవ్వలు చెప్పలే?"

ఎవరూ చెప్పలేదు. మా అత్త అయిదుగురిని కన్నది, ఆమెకూ ఎవరూ చెప్పి ఉండరు. ఆమె కూడా పుల్ల చెప్పులే తొడిగింది. ఈ మాట నాకు ఆ రాయి మీద నిలబడ్డప్పుడే తట్టింది.

మూడు జతలు తీసింది. మొదటి జత తొడిగి నిలబడితే బాగానే ఉన్నాయన్నాను.

"నిలవడనీకె అన్ని బాగనే ఉంటయి. ఉరుకు."

"ఇక్కడనా? బజార్లనా?"

"నిజామాబాద్‌ల చీకట్ల ఉరికిస్తరా నిన్ను?"

ఎదురుగా కిరాణా దుకాణం అరుగు మీద నలుగురు మగవాళ్లున్నారు. అందులో ఒకతను మా ఆయనకు తెలిసినవాడే. వెనక సందు ఉందేమో అని చూశాను. లేదు. కుచ్చిళ్లు పట్టుకుని వీధి నల్లా దాకా ఉరికి వచ్చాను. "ఏం అక్కా, దొంగ వడ్డడా?" అని అరుగు మీది నుంచి కేక. "నువ్వుండంగ వేరే దొంగెందుకురా" అంది తారాబాయి, తలెత్తకుండా. మొదటి జత మడమ దగ్గర జారింది. రెండోది వేళ్లు నొక్కింది. మూడోది తొడిగి నల్లా దాటి, మలుపు దాకా పోయాను. తిరిగొచ్చేసరికి ఆయాసపడుతున్నాను, కానీ కాళ్ల సంగతి మరిచిపోయాను. "గవే నీ బూట్లు" అంది. కుచ్చిళ్లు పట్టుకున్న నా చేతిని చూపించి, "చేతులిడిచి ఉరకాలె. కాసెపోసుకో. మీ అవ్వ నాట్లేసేటప్పుడు ఎట్ల కడుతుండె?" అంది.

నాలుగు రోజులకు ఎడమ మడమ రాసుకుంటే మళ్లీ పోయాను. విప్పి చూసి, లోపల మెత్తటి తోలుముక్క అతికింది. పట్నం దుకాణానికి బొబ్బను చూపించడానికి ఎవరు పోగలరు?

పట్నం బూట్లు డబ్బాలోనే ఉన్నాయి. బోధన్‌వి బడిలో, డ్రిల్ సామాన్ల బీరువాలో పెట్టాను. ఇంట్లో చెప్పలేదు, జీతంలో తగ్గింది బడి ఖర్చన్నాను. భయంతో దాచాను, అందులో గొప్పేమీ లేదు.

మార్చి పదకొండు శనివారం. నాగేంద్రమ్మగారే బస్సులో నిజామాబాద్ తీసుకెళ్లారు. పదకొండు మందిమి. కొందరు సల్వార్లలో ఉన్నారు. నేను మా అవ్వలాగ కాసెపోసి కట్టాను. ఒకామె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఉరకమని ఈల వేశారు. రెండో మలుపు దగ్గర దమ్ము చాలలేదు, పక్కటెముకల కింద నొప్పి పట్టింది. ఆగిపోదామనుకున్నాను. కాళ్లు మాత్రం ఏ ఫిర్యాదూ చేయలేదు. చివరి వంద మీటర్లలో ఇద్దరిని దాటాను. ఎనభై నాలుగు సెకన్లు. నాలుగో స్థానం. కాగితం మీద నా పేరు రాసినతను, "పాస్, అమ్మా" అన్నాడు. మైదానంలో కూలబడి బూట్లు విప్పాను. వేళ్లు మామూలు రంగులో ఉన్నాయి.

మర్నాడు ఆదివారం. మా ఆయన దోస్తులు నర్సన్న, వెంకటి వచ్చారు. చాయ్ ఇచ్చి గడప పక్కన కూర్చున్నాను. తొడలు పట్టేశాయి, లేవడం కష్టంగా ఉంది.

"ఏం వదినా, జింకోలె ఉరికినవంట?" అన్నాడు నర్సన్న.

"ఉరకదా మరి? పట్నంకెల్లి బూట్లు తెచ్చిస్తిని" అన్నాడు మా ఆయన. "గీ బోధన్ సరుకుతోని అయితుండెనా?"

వెంకటి తల ఊపాడు. మా అత్త కూడా ఊపింది. తొమ్మిదేళ్లలో ఇలాంటివి ఎన్నో విన్నాను. పండుగ వంట ఆమె చేయించినట్టు, పిల్లల మార్కులు ఆయన తెచ్చినట్టు. ప్రతిసారీ లోపలికి పోయి ఏదో ఒక గిన్నె తోమేదాన్ని.

"అవి నేను ఏసుకోలే" అన్నాను.

మా ఆయన కప్పు దించాడు. "ఏందీ?"

"అవి కరిచినయి. తారాబాయి దుకాణంల కొనుక్కున్న. నా కాళ్లు సూపిచ్చి, బజార్ల ఉరికి సూసుకొని, నేనే కొనుక్కున్న."

మా అత్త నా కాళ్లకేసి చూసింది. నేను చీర అంచు లాక్కోలేదు. నర్సన్న మాట మార్చాలనుకున్నాడేమో, చాయ్ తాగి, "చక్కెర జర తక్కువైంది వదినా" అన్నాడు.

"డబ్బా పొయ్యి పక్కకే ఉన్నది అన్నా" అని, లేవకుండా అక్కడే కూర్చున్నాను.

మా ఆయనే లేచి చక్కెర డబ్బా కోసం పొయ్యి దిక్కు పోయాడు.