పోస్టరు మీది మనిషి

ఉల్లిపాయలు తూచి సంచిలో పోశాక కూరగాయల కొట్టాయన నాలుగు క్యారెట్లు కూడా అందులో పడేశాడు. ఆమె వాటికీ డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దులేమ్మా. కష్టాలు ఎంతటివాళ్ళకైనా వస్తాయి. మాకు ఒక్క మాట చెప్పకపోయారా?" అన్నాడు గొంతు తగ్గించి.

ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నాడో అనుకుంది ఆమె. అతను గడ్డంతో ఎదురుగోడ వైపు చూపించాడు. గోడ మీద, తడి ఇంకా ఆరని పోస్టరు. ఓ మెట్టు మీద కూర్చుని, జుట్టంతా రేగిపోయి, గిన్నె రెండు చేతులతో పట్టుకుని సూపు తాగుతున్న ఒకావిడ. కింద పెద్ద అక్షరాలు: ఈ తల్లి ఆకలి తీర్చింది మీ దయే! పక్కన గుండ్రటి చట్రంలో, నున్నగా దువ్వుకున్న తలతో చిరునవ్వు నవ్వుతూ సహాయ సంఘం అధ్యక్షులవారు. అధ్యక్షులవారు ఆమె భర్త. సూపు తాగుతున్న ఆవిడ ఆమే.

సంచి పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాలేదు. కిందటి వారం సంఘం వంటగదిలో వడ్డన అయిపోయాక, గిన్నె అడుగున మిగిలిన సూపు, అదీ చల్లారిపోయింది, తీసుకుని వెనక మెట్టు మీద కూలబడింది. కొత్తగా చేరిన ఫోటోగ్రాఫరు పెరటి తలుపులోంచి వచ్చి రెండు మూడు ఫోటోలు తీశాడు. అంట్ల గుట్టను తీస్తున్నాడనుకుంది. ఆ మెట్టు మీద కూర్చున్నది వంట చేసిన మనిషని అతనికి ఎవరూ చెప్పలేదు. తిండి కోసం వచ్చినవాళ్ళలో ఒకరనుకున్నాడు. అతన్ని ఏమనగలం? ఆ పూట ఆమెకు నిజంగానే కళ్ళు తిరిగేంత ఆకలి.

కానీ పోస్టరు అచ్చుకు పోయేముందు అధ్యక్షులవారు దాన్ని ఇంటికి తెచ్చారు కదా! మొన్న ఆమె పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తుంటే, భోజనాల బల్ల దగ్గర తల్లికి ఫోనులో చూపించారు. "చూడమ్మా ఆ మొహం! ఆకలంటే ఇదీ. నటించమంటే వచ్చేది కాదు." అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, "పాపం, ఏ ఇంటి ఇల్లాలో! మొగుడు పట్టించుకోడు కాబోలు," అని నిట్టూర్చింది. పొయ్యి దగ్గరున్న ఆమెకు కూడా, ఎవరో ఏమిటోగానీ, అయ్యో అనిపించింది. అప్పుడు ఆయన, "నా బొమ్మ ఇంకాస్త పెద్దగా పెట్టమంటాను," అంటూ ఇంకో రొట్టె అడిగారు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు. సంఘం పెట్టినప్పుడు ఆయన అన్నమాట, "నువ్వు ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, కాస్త చూసుకో." ఆ కాస్త ఏమిటంటే, పొద్దున్నే పాత గిడ్డంగిలో పొయ్యి వెలిగించడం, బస్తా ఉల్లిపాయలు ఒలవడం, వంద మందికి పైగా సూపు కాచి వడ్డించడం, ఆ గిన్నెలు తోమడం. ఎవరి ఇల్లు తగలబడినా, ఎవరి గదిలోకి నీళ్ళొచ్చినా సంఘం ఫోను ఎత్తి దుప్పట్లు, మందులు పంపించడం. ఆ ఫోను ఎప్పుడూ ఆమె జేబులోనే. ఇంటికొచ్చాక వంట, అత్తగారి కాళ్ళకి నూనె. ఇప్పుడు పోస్టరు మీద ఆమె బొమ్మ, ఆమె ఎత్తే ఫోను నంబరు, ఆయన పేరు. సొమ్మొకడిది సోకొకడిది.

అందుకే ఆసుపత్రి క్యాంటీను చూసుకునే చిన్ననాటి స్నేహితురాలు, "నా దగ్గర ప్రధాన వంటమనిషిగా చేరవే, జీతం, వారానికో సెలవు," అన్నప్పుడు ఆమె గుండె ఎగిరి గంతేసింది. ఇంట్లో చెబితే అధ్యక్షులవారు తెల్లబోయారు. "జీతానికి వండుతావా? నలుగురూ ఏమనుకుంటారు?" ఊరికే వండితే అన్నపూర్ణ, జీతం తీసుకుంటే వంటమనిషి అట! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. అయినా చేరతానంది ఆమె. ఆయన అంతకంటే పదునైన మాట తీశారు. "సరే, వెళ్ళు. ఆ ముసలివాళ్ళూ పసివాళ్ళూ పస్తులుంటే నీకు నిద్ర పడుతుందా?"

అక్కడే ఆమె దొరికిపోయేది. ఒకసారి ఆమెకు జ్వరమొస్తే పొయ్యి వెలగలేదు. మంచం పట్టిన భర్త కోసం డబ్బాలో సూపు పట్టుకెళ్ళే నల్ల శాలువా ఆమె, మూసిన తలుపు దగ్గర చాలాసేపు కూర్చుని వెళ్ళిందట. "నువ్వు పడుకున్నావు, వాళ్ళు మాడారు," అంది అత్తగారు. జ్వరం తనదే, తప్పూ తనదే. అప్పట్నుంచి ఒళ్ళు కాలుతున్నా మానలేదు. స్నేహితురాలు మాత్రం నిన్న చివరిమాటగా చెప్పేసింది. "రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పు. ఇక ఆపలేనే."

ఆ రేపు ఇవాళే. సంఘం వార్షిక సమావేశమూ ఇవాళే.

ఇంటికొచ్చి సంచి దింపి, "గోడల మీద నా పోస్టర్లు బాగున్నాయండీ," అంది. అధ్యక్షులవారు అద్దం ముందు నుంచి తిరిగి, ఫోనులో బొమ్మను చూశారు, ఆమెను చూశారు, మళ్ళీ బొమ్మను చూశారు.

"నువ్వా ఇది? తల దువ్వుకోకుండా, మెట్టు మీద కూర్చుని తినడమేంటి? ఇంట్లో తిండి లేనట్టు!"

"పరువు గంగలో కలిసింది," అని అత్తగారు నెత్తి కొట్టుకుంది. మొన్న జాలిపడింది తనేనన్న ధ్యాస కూడా లేదావిడకి.

"అయిందేదో అయింది. ఇవాళ పెద్దావిడ వస్తున్నారు, చందా అంతా ఆవిడదే. నువ్వు మాత్రం వంటగది దాటి బయటికి రాకు. ఎవరైనా గుర్తుపడితే తల ఎక్కడ పెట్టుకోను?"

"మీరే గుర్తుపట్టలేదు, వాళ్ళేం గుర్తుపడతారు?" అంది ఆమె. ఆయన చెవిన వేసుకోలేదు.

మధ్యాహ్నం గిడ్డంగి నిండిపోయింది. ఒక పక్క కుర్చీల్లో దాతలు, ఇంకో పక్క పళ్ళాలూ గిన్నెలూ పట్టుకుని వరసలో జనం. ఉపన్యాసాలు అయ్యేదాకా వడ్డించకూడదట. వంటగది తలుపు వెనక ఆమె గరిటె పట్టుకుని నిలబడింది. సూపు చల్లారిపోతోంది. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

చెప్పుల దుకాణాల యజమానురాలైన ఆ పెద్దావిడ కర్ర ఆనించుకుని పోస్టరు ముందు ఆగింది. "ఈ అమ్మాయి ఏది? ఒకసారి చూడాలి."

అధ్యక్షులవారు దొంగకు తేలు కుట్టినట్టు మెలికలు తిరిగారు. "ఆమె... ఊరెళ్ళిందండీ."

"సూపు పోసి పంపించేశారా? ఇంకేం కావాలమ్మా అని అడిగారా లేదా?"

తలుపు వెనక ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఏం వండావు, ఎక్కడ పెట్టావు, ఎందుకింత ఆలస్యం... పెళ్ళయినప్పట్నుంచి ప్రశ్నలకు కరువు లేదు. నీకేం కావాలి అన్నది మాత్రం వాటిలో ఎప్పుడూ లేదు. ఇన్నాళ్ళకు ఎవరో అడిగారు, అదీ గోడ మీది బొమ్మ గురించి. ఆయన ఊరికి పంపేసిన మనిషి గురించి.

తలుపు తోసుకుని బయటికొచ్చింది.

"ఊరెళ్ళలేదండీ, వంటగదిలో ఉన్నాను. ఈ సంఘం వంట నాదే. అధ్యక్షులవారి భార్యను."

వరసలో నల్ల శాలువా ఆమె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు వరసంతా పాకింది. అధ్యక్షులవారు దగ్గరికొచ్చి, పళ్ళ బిగువున, "ఇంటికెళ్ళాక మాట్లాడదాం," అన్నారు.

"ఇంటికెళ్ళాక అంట్లు తోమాలి. ఇక్కడే మాట్లాడతాను." ఆమె పెద్దావిడ వైపు తిరిగింది. "నాకేం కావాలో అడిగారు. రేపట్నుంచి నేను ఆసుపత్రి క్యాంటీనులో పనికి వెళ్తున్నాను. ఇక్కడ పొయ్యి ఒక్క పూట కూడా ఆగకూడదు. జీతమిచ్చి ఓ వంటమనిషినీ, సాయానికి ఇంకొకరినీ పెట్టించండి. నేను ఒక్కదాన్నే చేశాను కదాని ఒక్కరి నెత్తినే రుద్దకండి. నాక్కావలసింది అంతే."

పెద్దావిడ ఆమెను, పోస్టరునూ మార్చి మార్చి చూసింది. "పెట్టిస్తాను," అని అధ్యక్షులవారి వైపు తిరిగి, "నేనిచ్చే డబ్బులు జీతాలకే ఖర్చు పెట్టాలి. పోస్టర్లకు కాదు," అంది.

"మరి ఇవాళ్టికి?" అన్నారు ఆయన, బిక్కమొహం వేసి.

"ఇవాళ్టికి వండేశాను. వడ్డించండి."

సంఘం ఫోను తీసి ఆయన జేబులో వేసింది. గరిటె చేతిలో పెట్టింది. మూలనున్న ఓ పళ్ళెమూ గిన్నే తీసుకుని వరస చివరికి నడిచింది. నల్ల శాలువా ఆమె కాస్త జరిగి, "ఇలా రా అక్కా," అంది. అక్కడ నిలబడే స్నేహితురాలికి ఫోను చేసి, వస్తున్నానని చెప్పింది.

ఆయన ఎప్పుడైనా ఫోటో కోసమే గరిటె పట్టే మనిషి. పైపైన ముంచి, గిన్నెల్లో నీళ్ళు పోస్తున్నారు. జనం ఆ నీళ్ళను చూసుకుని ఏమీ అనకుండా కదులుతున్నారు. ఆమె పళ్ళు కొరుకుతూ వరసతోపాటు జరిగింది. ఆమె వంతు వచ్చింది. అధ్యక్షులవారు తలెత్తకుండానే గరిటె ముంచారు.

"అడుగుదాకా ముంచండి," అంది ఆమె గిన్నె చాస్తూ. "చిక్కటిదంతా అక్కడే ఉంటుంది. నా ముందువాళ్ళందర్నీ మళ్ళీ పిలిచి, వాళ్ళకీ వెయ్యండి."