మలుపులో ఆరిన చుక్క

డిసెంబరు తెల్లవారుజామున భాకరాపేట ఘాట్ మీద కొండా, లోయా, రోడ్డూ ఒకే మంచు తెలుపులో కలిసిపోయాయి. రోడ్డు పక్కన ఆపిన కారులో నవీన ఒళ్ళోని ల్యాప్‌టాప్ తెర మీద మాత్రం పన్నెండు పచ్చని చుక్కలు మెల్లగా మిణుకుతున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో బండి.

నవీన తిరుపతిలో పరిశోధన చేస్తోంది. ప్రయోగానికి ఒప్పుకున్న పన్నెండు బండ్లలో చిన్న పెట్టెలు బిగించింది. ఏ బండి ఎక్కడుందో, ఎంత వేగంతో వస్తోందో ఆ పెట్టెలు సెకనుకు పదిసార్లు రేడియోలో చెబుతాయి. మలుపు అవతలి బండ్ల పెట్టెలు అది విని, ఎదురుగా బండి వస్తోందని కూసి హెచ్చరిస్తాయి. కానీ ఇన్ని మాటలకూ ఉన్నది ఒకే ఇరుకైన రేడియో దారి.

ఉన్నట్టుండి ఒక చుక్క ఆరిపోయింది. అది పాలవ్యాను నడిపే రాజారత్నానిది.

 నవీన వెంటనే అతనికి ఫోను చేసింది. "అన్నా, యాడుండావు?"

"ఈడనే పాపా, పెద్ద మలుపులో. మబ్బుల్లో పోతాన్నట్టుండాది. ఏమాయ?"

అతని గొంతు కలలోంచి వచ్చినట్టుంది. "తెర మీద నీ చుక్క ఆరిపాయన్నా," అంది నవీన. "నీ పెట్టె చెప్తానే ఉండాది గానీ అందరూ ఒకేసారి మాట్లాడేసరికి ఎవురికీ ఇనపళ్ళా. కింద టీ అంగడి కాడ ఆరు బండ్లు నిలబడుండాయి కదా, అవి గూడా అంతే మాట్లాడతాండాయి."

"నిలబడిండేవాటికి అంత మాటలెందుకమ్మా?"

"మాట్లాడే వంతు అందరికీ సమానంగా ఇచ్చినా నేను."

"పక్కన పెట్టిన బండీ, మలుపులో తిరిగే బండీ సమానమెట్లయితాయి సూడు!"

 న్యాయంగా పంచానని ఇన్నాళ్ళూ నవీన మురిసిపోయింది. బండ్లన్నీ ఆపించి అక్కడే పెట్టెలను నడిపే ప్రోగ్రాం రాతను మార్చింది. కదలనివి సెకనుకు ఒక్కసారి చెబితే చాలు. మలుపు తిరిగేవాటికి, బ్రేకు వేసేవాటికి ముందు చోటు.

రెండోసారి పరీక్షకు తాను రాజారత్నం పక్కనే కూర్చుంది. వ్యాను తెలుపులోకి తేలిపోతున్నట్టు సాగింది. పెద్ద మలుపుకు ముందు పెట్టె కూసింది. అతను బండిని కొండవారకు తీసి ఆపాడు. రెండు పసుపు వెలుగులు గాలిలో పుట్టి, ఆ పన్నెండింట్లో ఒకటైన బస్సై, చేయి చాస్తే తగిలేంత దగ్గరగా వెళ్ళిపోయాయి. తెర మీద ఒక చుక్క క్షణం తడబడింది గాని ఆరలేదు.

బస్సు చప్పుడు మలుపు వెనక సన్నగిల్లింది. 

"పోదామా పాపా? పాలకేంద్రంలో ఎదురుసూస్తా ఉంటారు," అన్నాడు రాజారత్నం.

"ఒక్క నిమిషం అన్నా," అంది నవీన, అద్దం దించి, బస్సు తగలకుండా వెళ్ళిన మంచులోకి చేయి చాపుతూ.